వేటగాళ్లకు అప్పగించిన యుద్ధం

మెండే భాషలో 'కామజోయ్' అంటే వేటగాడు. అలాగని తుపాకీ భుజాన వేసుకుని అడవికి వెళ్లే ప్రతివాణ్నీ కామజోయ్ అనరు. రాత్రివేళ ఒంటరిగా దట్టమైన అడవిలోకి వెళ్లి పెద్ద జంతువును కొట్టుకొచ్చే గుండె ధైర్యం ఉండాలి, మూలికల గుట్టు తెలిసి ఉండాలి, మంత్రం నేర్చి ఉండాలి. సియెర్రా లియోన్ దక్షిణ, తూర్పు ప్రాంతాల్లోని మెండే ఊళ్లలో అలాంటివాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు. ఊరికి మాంసం తెచ్చేదీ వాళ్లే, పంట మీద పడే జంతువుల్ని తరిమేదీ వాళ్లే. గురువు దగ్గర చాలాకాలం నేర్చుకుంటే తప్ప ఆ పేరు దక్కేది కాదు.

1991లో ఆ దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. 2002 జనవరిలో అది ముగిసేనాటికి కామజోయ్ నుంచి వచ్చిన కామజోర్ అనే మాటకు అర్థమే మారిపోయింది. అప్పటికి అది వేల మంది కుర్రాళ్ల సాయుధ దళం. ప్రభుత్వం పక్షాన పోరాడింది, కూలిపోయిన ప్రభుత్వాన్ని మళ్లీ నిలబెట్టడంలో పాలు పంచుకుంది, ఆ దారిలో అమాయకుల్ని చంపింది. దాని నాయకుడు మంత్రి కుర్చీలోంచి నేరుగా యుద్ధ నేరాల కోర్టు బోనులోకి వెళ్లాడు. 'ఆఫ్రికాలో తెగల కొట్లాట' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ కథ సులువుగానే ఉంటుంది గానీ, అది నిజం కాదు. కామజోర్లను పుట్టించింది తెగ కాదు, చేతులెత్తేసిన ప్రభుత్వం. తెగ రంగు తర్వాత అంటింది. ఎలా అంటిందన్నదే అసలు విషయం.

సియెర్రా లియోన్ పశ్చిమ ఆఫ్రికాలోని చిన్న దేశం. విస్తీర్ణం 72 వేల చదరపు కిలోమీటర్ల లోపే. 1961లో బ్రిటిష్ వాళ్ల నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. దక్షిణ, తూర్పు ప్రాంతాల్లో మెండేలు, ఉత్తరాన తెమ్నేలు పెద్ద జనం. కోనో, లింబా, కురాంకో, లోకో, కిస్సీ వంటి తెగలు ఇంకా చాలా ఉన్నాయి. రాజకీయం కూడా దాదాపు ఈ గీతల మీదే నడిచింది. మెండే ప్రాంతం సియెర్రా లియోన్ పీపుల్స్ పార్టీకి కోట, ఉత్తరం ఆల్ పీపుల్స్ కాంగ్రెస్‌ది. 1968 నుంచి 1985 దాకా ఏలిన సియాకా స్టీవెన్స్ 1978లో దేశాన్ని ఏకపార్టీ రాజ్యంగా మార్చేశాడు. వజ్రాల సొమ్ము నాయకుల చుట్టూ తిరిగే కొద్దిమంది జేబుల్లోకి పోయింది. స్టీవెన్స్ తర్వాత గద్దెనెక్కిన జోసెఫ్ మోమో వచ్చేనాటికి ఖజానాలో ఉపాధ్యాయుల జీతాలకే కటకటగా ఉంది.

1991 మార్చి 23న ఫోడే సాంకో నాయకత్వంలో రివల్యూషనరీ యునైటెడ్ ఫ్రంట్ అనే తిరుగుబాటు దళం లైబీరియా వైపు నుంచి సరిహద్దు దాటి కైలాహున్ జిల్లాలోకి చొరబడింది. వెనక ఉన్నది లైబీరియా యుద్ధనాయకుడు చార్లెస్ టేలర్. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. సాంకో తెమ్నే. కానీ అతని దళం మొదట పడ్డది మెండే ఊళ్ల మీద, బలవంతంగా తుపాకీ పట్టించింది కూడా ఎక్కువగా ఆ చుట్టుపక్కల కుర్రాళ్ల చేతనే. కాబట్టి చంపినవాళ్లలోనూ, చచ్చినవాళ్లలోనూ మెండేలున్నారు. మొదటి రెండు మూడేళ్ల యుద్ధాన్ని ఏ కోణంలో చూసినా తెగకీ తెగకీ మధ్య పోరుగా చూపించడం కష్టం.

ఊళ్లను కాపాడాల్సింది సైన్యం. మోమో కాలంలో అది కొద్దివేల మందితో ఉండేది. జీతాలు సరిగా అందక, యుద్ధరంగానికి బూట్లూ మందులూ చేరక విసిగిపోయిన కుర్ర అధికారులు 1992 ఏప్రిల్ 29న రాజధాని ఫ్రీటౌన్‌కు వచ్చి ప్రభుత్వాన్నే కూలదోశారు. గద్దెనెక్కిన కెప్టెన్ వాలెంటైన్ స్ట్రాసర్‌కు అప్పటికి పాతికేళ్లు. కొత్త ప్రభుత్వం హడావుడిగా వీధుల్లో పనీపాటా లేని కుర్రాళ్లను చేర్చుకుని సైన్యాన్ని పదివేలు దాటించింది. శిక్షణ అంతంతమాత్రం, క్రమశిక్షణ అదీ లేదు. తిరుగుబాటుదారులు వస్తున్నారని తెలియగానే సైనికులు ఊరు వదిలి వెళ్లిపోవడం, వాళ్లు దోచుకున్నంత దోచుకుని పోయాక తిరిగొచ్చి మిగిలింది వీళ్లు దోచుకోవడం మామూలైంది. కంచే చేను మేసింది. జనం దీనికి ఒక మాట పుట్టించారు: 'సోబెల్'. సోల్జర్, రెబెల్ అనే రెండు మాటల్ని కలిపేసిన మాట. పగలు సైనికుడు, రాత్రి తిరుగుబాటుదారు. ఎంత పెద్ద నివేదికా చెప్పలేనంత సూటిగా ఆ ఒక్క మాట అప్పటి పరిస్థితిని చెబుతుంది.

అలాంటప్పుడు ఊరు ఎవరి వైపు చూస్తుంది? తుపాకీ ఉన్నవాడి వైపు, అడవి దారులు తెలిసినవాడి వైపు, ఊరినే నమ్ముకున్నవాడి వైపు. వేటగాడికి ఈ మూడూ ఉన్నాయి. ఈ ఆలోచన మెండేలకు మాత్రమే వచ్చింది కాదు. ఉత్తరాన కోయినాడుగు జిల్లా నుంచి కురాంకో తెగ వేటగాళ్లు 'తమబోరో' పేరుతో ముందే కదిలారు. 1992-93లో వజ్రాల జిల్లా కోనోను తిరిగి చేజిక్కించుకోవడంలో సైన్యానికి తోడ్పడ్డారు. తూర్పున కెనెమాలో చరిత్ర అధ్యాపకుడు ఆల్ఫా లావలీ లాంటివాళ్లు ఊళ్ల రక్షణ కమిటీలు కట్టారు. లావలీ తర్వాత మందుపాతర పేలి చనిపోయాడు. అప్పటికింకా ఇవన్నీ ఎక్కడికక్కడ పుట్టిన చిన్న చిన్న ప్రయత్నాలే. వాటిని ఒక దండగా మార్చింది రెండు విషయాలు: దీక్ష, రాజకీయం.

తాయెత్తు చేసే పని

దీక్ష గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఎందుకంటే విదేశీ పత్రికలు కామజోర్లను చూసి మొదట నవ్వింది ఇక్కడే. ఒంటి మీద గవ్వలూ, అద్దం బిళ్లలూ, తాయెత్తులూ కుట్టిన 'రోంకో' అనే చొక్కా. మెడలో మూలికల మూటలు. తూటా తమకు తగలదన్న నమ్మకం. ఫొటోలకు ఇంతకంటే మంచి సరుకు ఏముంటుంది?

కానీ ఆ దీక్ష చేసిన పని వేరు. 1990ల మధ్య నుంచి కొందరు గురువులు గుంపులు గుంపులుగా కుర్రాళ్లకు దీక్ష ఇవ్వడం మొదలుపెట్టారు. వాళ్లలో బాగా పేరుపడ్డవాడు అల్లియూ కొండేవా. తర్వాత అతన్ని ఆ దళానికి ప్రధాన పూజారిగా పిలిచారు. అడవిలో కొన్నాళ్లు ఉంచి, ఒంటి మీద చిన్న చిన్న గాట్లు పెట్టి మందు రుద్ది, నియమాలు నూరిపోసేవాళ్లు. అమాయకుణ్ని చంపకూడదు. దోచుకోకూడదు. చెరచకూడదు. పోరాటానికి వెళ్లేముందు ఆడవాళ్లను తాకకూడదు. ఇవి తప్పితే మందు పని చెయ్యదు, తూటా లోపలికి దిగుతుంది. ఎవరైనా కాల్పుల్లో చనిపోతే జవాబు సిద్ధంగా ఉండేది: నియమం తప్పాడు. మందు ఎప్పుడూ తప్పు కాదు, తప్పు మనిషిదే. ఈ వాదన నుంచి ఎవరూ తప్పించుకోలేరు. కానీ జీతం లేని, అధికారుల నిఘా లేని, సైనిక చట్టం వర్తించని కుర్రాడి చేతికి తుపాకీ ఇచ్చినప్పుడు అతన్ని అదుపులో ఉంచే తాడు ఇంకేముంది? సైన్యానికి కోర్టు మార్షల్ ఎలాగో కామజోర్‌కు తాయెత్తు అలాగ. కొంతకాలం అది పని చేసింది కూడా. తొలి రోజుల్లో సైనికుల కంటే కామజోర్లే నయమని ఊళ్లు అనుకున్నాయంటే దాని వెనక ఈ భయం ఉంది.

ఆడవాళ్ల నీడ కూడా పడకూడదన్న ఈ దళానికి పేరుమోసిన గురువుల్లో ఒకామె మహిళ కావడం ఒక విచిత్రం. మామా ముండా ఫార్చూన్ ఎంతోమందికి దీక్ష ఇచ్చింది. నియమాల్లో ఇలాంటి సందులు ఎప్పుడూ ఉంటాయి.

తాయెత్తు ఒక్కటే కాదు, ఇంకో తాడు కూడా ఉంది. అది ఊరు. దీక్షకు ఎవరిని పంపాలో తేల్చింది చీఫులూ పెద్దలూ. సియెర్రా లియోన్ గ్రామీణ ప్రాంతం అంతా బ్రిటిష్ కాలం నుంచీ పారమౌంట్ చీఫుల ఏలుబడిలో చిన్న చిన్న ప్రాంతాలుగా ఉంది. భూమి తగవులు, కోర్టు, పన్ను అన్నీ వాళ్ల చేతిలోనే. కుర్రాడికి చీఫ్ పూచీ పడాలి. వాడు తప్పు చేస్తే తలవంపులు తల్లిదండ్రులకు, మాట పడేది చీఫ్. తన ఊరి పొలిమేరలో తన అమ్మ చెల్లెలి ఇంటి ముందు కాపలా కాసేవాడు ఆ ఇంట్లో దోచుకోవడం కష్టం. కామజోర్ల గురించి ఎంత చర్చ చేసినా చివరికి తేలేది ఈ చిన్న విషయమే: సొంత ఊరు కాసినన్నాళ్లు వాళ్లు ఒకలా ఉన్నారు, ఊరు దాటించి దండయాత్రకు పంపాక ఇంకోలా మారారు.

పైగా దీక్షకు డబ్బు పడింది. మొదట నామమాత్రంగా ఉన్న రుసుము గురువులకు ఆదాయమైంది. పూచీ లేకపోయినా డబ్బుంటే చాలన్నట్టు తయారైంది. ఏళ్ల తరబడి నేర్చుకునేది రోజుల్లో అయిపోతుంటే నియమం మీద భయం ఎక్కడుంటుంది? పిల్లలకు కూడా దీక్ష ఇచ్చి తుపాకీ పట్టించారు.

ఉప మంత్రి, అతని సైన్యం

1996లో ఎన్నికలు జరిగాయి. ఓటు వెయ్యకుండా తిరుగుబాటుదారులు జనం చేతులు నరికిన ఎన్నికలు అవి. గెలిచింది సియెర్రా లియోన్ పీపుల్స్ పార్టీ అభ్యర్థి అహ్మద్ తేజాన్ కబ్బా. తండ్రి వైపు నుంచి ఆయన మాండింగో తెగ, ఐక్యరాజ్య సమితిలో పనిచేసి వచ్చిన అధికారి. కానీ గెలిపించిన ఓట్లు ప్రధానంగా మెండే ప్రాంతానివి. రక్షణ శాఖను తన దగ్గరే పెట్టుకుని, ఉప రక్షణ మంత్రిగా శామ్యూల్ హింగా నార్మన్‌ను తీసుకున్నాడు.

నార్మన్ మామూలు మనిషి కాదు. మాజీ సైనికాధికారి. 1967లో సియాకా స్టీవెన్స్ అధికారం చేపట్టకుండా అడ్డుకున్న సైనిక కుట్రలో ఉన్నవాడు. యుద్ధ కాలంలో బో జిల్లాలోని జయామా-బోంగోర్‌కు రీజెంట్ చీఫ్, అంటే తాత్కాలిక చీఫ్. అలా సైన్యం ఎలా పనిచేస్తుందో, చీఫుల లోకం ఎలా నడుస్తుందో రెండూ ఎరిగినవాడు. ఊరూరా చెదురుమదురుగా ఉన్న కామజోర్లను ఒక తాటి మీదకు తెచ్చింది ఆయనే. దానికి ముందు 1995లోనే ప్రభుత్వం దక్షిణాఫ్రికా కిరాయి సైనిక కంపెనీ ఎగ్జిక్యూటివ్ ఔట్‌కమ్స్‌ను పిలిపించింది. ఆ కంపెనీ కూడా సైన్యం కంటే కామజోర్లతో కలిసి పనిచేయడమే మేలనుకుంది. దారులు తెలిసినవాళ్లు వీళ్లు, హెలికాప్టర్లు, ఆయుధాలు వాళ్లవి. 1996 చివర్లో తిరుగుబాటుదారుల అడవి స్థావరాలు ఒకదాని వెనక ఒకటి కూలాయి. ఆ ఒత్తిడితోనే నవంబర్ 30న సాంకో అబిజాన్ శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టాడు.

ఒప్పందం ప్రకారం కిరాయి కంపెనీ 1997 మొదట్లో దేశం విడిచి వెళ్లింది. ఇక కబ్బా ప్రభుత్వానికి మిగిలింది తను నమ్మని సైన్యం, తనను నమ్మిన కామజోర్లు. రాజకీయంగా చూస్తే కబ్బా ఎంపికలో ఆశ్చర్యం లేదు. కుట్రల చరిత్ర ఉన్న సైన్యాన్ని నమ్మే అధ్యక్షుడు ఎవరుంటారు? కానీ ఆ ఎంపికలోనే గొయ్యి కూడా ఉంది. సైన్యానికి బియ్యం కోటా తగ్గిస్తామంటున్నారు, వేటగాళ్లను నెత్తిన పెట్టుకుంటున్నారు అన్న కోపం బ్యారక్‌లలో రగిలింది. చాలాచోట్ల సైనికులూ కామజోర్లూ కాల్చుకున్నారు. సైనికుల్లో చాలామందికి ఇది మెండే పార్టీ, మెండే దండు కలిసి తమను పక్కకు నెట్టడంగా కనిపించింది. తెగ రంగు అంటింది సరిగ్గా ఇక్కడే. ఊరి కాపలాగా పుట్టినదాన్ని ఒక పార్టీ ప్రభుత్వం తన సొంత బలంగా వాడుకోవడం మొదలుపెట్టాక, ఎదుటివాళ్లు దాన్ని తెగ దండుగానే చూశారు. అలా చూడ్డం అన్యాయమని కూడా అనలేం.

1997 మే 25న సైన్యం కుట్ర చేసింది. మేజర్ జానీ పాల్ కొరోమాను జైలు నుంచి విడిపించి గద్దె మీద కూర్చోబెట్టింది. కుట్రకు చెప్పుకున్న కారణాల్లో కామజోర్లకు ఇచ్చిన ప్రాధాన్యం ఒకటి. కొత్త పాలకులు ఇంకో అడుగు వేసి, ఇన్నాళ్లూ ఎవరి మీద యుద్ధం చేశారో ఆ తిరుగుబాటుదారులనే ఫ్రీటౌన్‌కు పిలిచి అధికారంలో కూర్చోబెట్టారు. 'సోబెల్' అన్న మాట అలా ప్రభుత్వమే అయింది. కబ్బా పక్క దేశం గినియా రాజధాని కోనాక్రీకి పారిపోయాడు.

బేస్ జీరో

దేశం బయట ఉన్న ప్రభుత్వానికి దేశం లోపల మిగిలిన బలం కామజోర్లే. అప్పుడే సివిల్ డిఫెన్స్ ఫోర్సెస్ అనే గొడుగు సంస్థ అధికారికంగా ఏర్పడింది. నార్మన్ దానికి జాతీయ సమన్వయకర్త. పేరుకు అందులో అన్ని తెగల వేటగాళ్లూ ఉన్నారు. తెమ్నేల గ్బేతీలు, కాప్రాలు, కురాంకోల తమబోరోలు, కోనోల దోన్సోలు. లెక్కకు మాత్రం ఎక్కువమంది కామజోర్లే, పెత్తనమూ వాళ్లదే. దక్షిణాన బోంతే జిల్లాలోని టాలియా అనే ఊరు ప్రధాన స్థావరమైంది. దానికి పెట్టిన పేరు 'బేస్ జీరో'.

టాలియాలో ముగ్గురి మాటే చెల్లుబాటు. నార్మన్, యుద్ధ నిర్దేశకుడు మొయినినా ఫోఫానా, పూజారి కొండేవా. తర్వాత కోర్టులో సాక్షులు ఈ ముగ్గురినీ దళంలో 'పవిత్ర త్రయం' అనుకునేవాళ్లమని చెప్పారు. ఊళ్ల నుంచి కుర్రాళ్లను ఇక్కడికి తెచ్చి, దీక్షా శిక్షణా ఇచ్చి, వేరే జిల్లాల మీదికి పంపేవాళ్లు. అంటే చీఫ్ పూచీ, ఊరి సిగ్గు అన్న తాడు ఇక్కడ తెగిపోయింది. ఇక మిగిలింది తాయెత్తు తాడు. దాన్ని గురువులే డబ్బుకు, అధికారానికి వదులు చేశారు. ఊరికి కావలి కాసినవాడు ఇప్పుడు పట్టణాలు గెలవాల్సిన సైనికుడు.

1998 జనవరిలో కెనెమా జిల్లాలోని వజ్రాల గనుల ప్రాంతం టోంగోను కామజోర్లు గెలిచారు. ఫిబ్రవరిలో నైజీరియా నాయకత్వంలోని పశ్చిమ ఆఫ్రికా దేశాల సేన ఎకోమాగ్ ఫ్రీటౌన్‌ను తిరిగి పట్టుకుంది. అదే సమయంలో కామజోర్లు కోరిబోండో, బో, కెనెమాల మీద పడ్డారు. గెలిచాక జరిగిన పనులే తర్వాత కోర్టుకెక్కాయి. సైనిక పాలకులకు సాయం చేశారని అనుమానం వచ్చినవాళ్లను చంపారు, ఇళ్లు తగలబెట్టారు. కెనెమాలో పోలీసులను చంపారు. టోంగోలో ఊరు వదిలి పోతున్న జనాన్ని ఆపి, 'జుంటా మనుషులు', అంటే సైనిక పాలకుల మనుషులు, అన్న అనుమానంతో పక్కకు తీసి కాల్చారు, నరికారు. ఆ అనుమానానికి తెగ పేరే కొన్నిసార్లు రుజువు అయింది. లింబా, లోకో, తెమ్నే అని తేలడమే మరణశిక్ష అయిన సందర్భాలున్నాయి. సైన్యంలో ఉత్తరాదివాళ్లు ఎక్కువ, కాబట్టి ఉత్తరాదివాడైతే సైన్యం మనిషే అన్న లెక్క. 1991లో లేని తెగ శత్రుత్వం 1998కి చెక్‌పోస్టు దగ్గర అడిగే మొదటి ప్రశ్న అయింది.

ఈ నేరాలను తూకం వేసేటప్పుడు ఒక లెక్క పక్కన ఉండాలి. యుద్ధం తర్వాత వేసిన సత్య, సయోధ్య కమిషన్ నమోదు చేసిన అకృత్యాల్లో దాదాపు 60 శాతం సాంకో తిరుగుబాటు దళానివి. సివిల్ డిఫెన్స్ ఫోర్సెస్‌వి దాదాపు 6 శాతం. చేతులు నరకడాన్ని యుద్ధ పద్ధతిగా చేసుకున్న దళంతో కామజోర్లను ఒకే గాటన కట్టడం సరికాదు. అలాగని ఆ 6 శాతంలో చనిపోయినవాళ్ల ఇళ్లలో ఈ పోలిక చెబితే వినేదెవరు?

ప్రభుత్వాలకు ఇలాంటి దళాలంటే ఎందుకంత మోజో కూడా ఇక్కడే అర్థమవుతుంది. జీతం ఇవ్వక్కర్లేదు, లేదా చాలా తక్కువ. స్థానిక సమాచారం ఉచితం. గెలిస్తే ఘనత ప్రభుత్వానిది, ఘోరం జరిగితే 'వాళ్లు మా సైనికులు కారు' అనేయొచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత మాలీలో ఇదే కనిపించింది. అక్కడ డోగోన్ వేటగాళ్లతో 2016లో ఏర్పడిన 'దాన్ నా అంబాసగూ' దళాన్ని జిహాదీల మీద పోరులో ప్రభుత్వం చూసీచూడనట్టు వదిలేసింది. 2019 మార్చి 23న ఓగోసాగూ ఊళ్లో ఫులానీ పశుపోషకులు 150 మందికి పైగా ఊచకోతకు గురయ్యారు. వేళ్లన్నీ ఆ దళం వైపే చూపించాయి, దళం మాత్రం తన పని కాదంది. మర్నాడే ప్రభుత్వం దళాన్ని రద్దు చేశామని ప్రకటించింది. దళం రద్దు కాలేదు. బుర్కినా ఫాసో అయితే 2020లో చట్టమే చేసి పౌరులకు తుపాకులిచ్చింది. 2022 కుట్రతో వచ్చిన ఇబ్రహీం త్రావోరే 50 వేల మందిని చేర్చుకుంటామన్నాడు. అక్కడా ఫులానీల మీద దాడుల ఆరోపణలు వెంటాడుతున్నాయి.

ఏరు దాటాక

1998 మార్చి 10న కబ్బా ఫ్రీటౌన్‌కు తిరిగొచ్చాడు. యుద్ధం మాత్రం ఆగలేదు. 1999 జనవరి 6న తిరుగుబాటుదారులూ పాత సైనికులూ రాజధాని మీద పడి కొన్ని వారాలపాటు నరకం చూపించారు. ఆ జులైలో టోగో రాజధాని లోమేలో కుదిరిన ఒప్పందం సాంకోకు క్షమాభిక్షతో పాటు ఉపాధ్యక్షుడి హోదా, వజ్రాల కమిషన్ పెత్తనం ఇచ్చింది. 2000 మేలో అతని దళం ఐక్యరాజ్య సమితి శాంతి సైనికులు దాదాపు 500 మందిని బందీలుగా పట్టుకుంది. ఆ శాంతి సేనకు అప్పుడు నాయకుడు భారత సైన్యానికి చెందిన మేజర్ జనరల్ విజయ్ కుమార్ జెట్లీ. యుద్ధం మొదలైన కైలాహున్‌లోనే భారత గూర్ఖా సైనికులు రెండున్నర నెలలు ముట్టడిలో చిక్కుకున్నారు. జులైలో జరిపిన ఆపరేషన్ ఖుక్రీతో బయటపడ్డారు. మన పత్రికల్లో సియెర్రా లియోన్ పేరు పెద్దగా కనిపించింది బహుశా ఆ ఒక్కసారే. బ్రిటిష్ సేనలు కూడా దిగాక తిరుగుబాటుదారుల బలం తగ్గింది. 2002 జనవరి 18న యుద్ధం ముగిసిందని ప్రకటించారు.

ఆయుధాలు అప్పగించినవాళ్లు మొత్తం 72 వేల పైచిలుకు. అందులో సగానికి పైగా, 37 వేలకు మించి, సివిల్ డిఫెన్స్ ఫోర్సెస్ వాళ్లే. వీళ్లందరూ నిజంగా పోరాడినవాళ్లేనా అన్న అనుమానం చాలామందికి వచ్చింది. అప్పగింతకు డబ్బు, శిక్షణ ఇస్తామన్నప్పుడు జాబితాలు పెరగడం ఏ దేశంలోనైనా ఉండేదే. అసలైన చిక్కు ఇంకోటి. కొత్త సైన్యాన్ని బ్రిటిష్ అధికారులు తీర్చిదిద్దారు, అందులో కామజోర్లకు పెద్దగా చోటు దొరకలేదు. ఊరికి పోదామంటే చదువు ఆగిపోయింది, పొలం పాడుబడింది. ఎన్నేళ్లు దండులో ఉన్నా చేతికొచ్చిన చదువూ లేదు, ఉద్యోగమూ లేదు. కొందరు సరిహద్దు దాటి లైబీరియాలో చార్లెస్ టేలర్ మీద పోరాడే దళంలో చేరి, అక్కడా తుపాకీనే జీవనోపాధి చేసుకున్నారు.

2003 మార్చి 10న, కబ్బా తిరిగొచ్చి సరిగ్గా ఐదేళ్లయిన రోజున, ఆంతరంగిక వ్యవహారాల మంత్రిగా ఉన్న నార్మన్‌ను తన ఆఫీసులోనే అరెస్టు చేశారు. అరెస్టు చేసింది ఐక్యరాజ్య సమితి, సియెర్రా లియోన్ కలిసి పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం. ఆ కోర్టును అడిగి తెచ్చుకున్నది కబ్బా ప్రభుత్వమే. రక్షణ శాఖ కబ్బా దగ్గరే ఉండేది, కానీ ఆయన పేరు అభియోగాల్లో లేదు. ఆయన్ను సాక్షిగా పిలిపించాలన్న నార్మన్ తరఫు వాదనను కూడా కోర్టు ఒప్పుకోలేదు. ఏరు దాటి తెప్ప తగలేశారని మెండే ప్రాంతంలో జనం అనుకుంటే తప్పుపట్టలేం. నార్మన్ కోసం సాక్ష్యం చెప్పినవాళ్లలో మాజీ బ్రిటిష్ హైకమిషనర్ పీటర్ పెన్‌ఫోల్డ్ కూడా ఉన్నాడు.

నార్మన్ తీర్పు వినలేదు. శస్త్రచికిత్స కోసం సెనెగల్ రాజధాని డకార్‌కు తీసుకెళ్లగా 2007 ఫిబ్రవరి 22న అక్కడే చనిపోయాడు. ఆగస్టులో మిగిలిన ఇద్దరి మీదా తీర్పు వచ్చింది. అక్టోబరులో శిక్షలు వేశారు: ఫోఫానాకు 6 ఏళ్లు, కొండేవాకు 8 ఏళ్లు. ఎన్నికైన ప్రభుత్వాన్ని తిరిగి నిలబెట్టడానికి పోరాడారన్న కారణంతో శిక్ష తగ్గించామని న్యాయమూర్తులు రాశారు. సియెర్రా లియోన్‌కు చెందిన న్యాయమూర్తి బ్యాంకోల్ థాంప్సన్ ఇంకా ముందుకెళ్లి, పౌరుల భద్రతే అన్నిటికన్నా పెద్ద చట్టమనీ, గత్యంతరం లేక చేసిన పోరాటమనీ, ఇద్దరినీ వదిలేయాలనీ విడిగా తీర్పు రాశాడు. 2008 మేలో అప్పీలు కోర్టు దీన్నంతా తిరగేసింది. పోరాడిన కారణం మంచిదైనంత మాత్రాన చేతికి చిక్కిన పౌరుణ్ని చంపిన నేరం చిన్నది కాదంది. శిక్షలు 15, 20 ఏళ్లకు పెంచింది. చట్టం ప్రకారం అప్పీలు కోర్టుదే సరైన మాట. కానీ థాంప్సన్ రాసిన దానిలో ఆ దేశపు ఊళ్లలో చాలామంది మనసులో మాట ఉంది. ఆ కోర్టుకు అది పట్టలేదు.

దెబ్బ రాజకీయంలో తగిలింది. నార్మన్ చనిపోయిన ఏడే ఎన్నికలు వచ్చాయి. కబ్బా పార్టీ నుంచి విడిపోయిన చార్లెస్ మార్గాయ్ మెండే ఓట్లు చీల్చి దాదాపు 14 శాతం తెచ్చుకున్నాడు, రెండో విడతలో ప్రత్యర్థి ఎర్నెస్ట్ బాయ్ కొరోమాకు మద్దతిచ్చాడు. కామజోర్లు మోసి నిలబెట్టిన పార్టీ అధికారం పోగొట్టుకుంది.

ఇక బో, కెనెమా, మకేనీ పట్టణాల్లో తుపాకీలు అప్పగించిన కుర్రాళ్లు కొందరు మోటార్ సైకిళ్లు అద్దెకు తీసుకుని టాక్సీలుగా నడపడం మొదలుపెట్టారు. యుద్ధంలో పాడైన దారుల్లో కార్లు తిరగలేవు, బైకు తిరుగుతుంది. 'ఒకాడా' అని పిలిచే ఆ బైకుల మీద పాత కామజోర్లూ ఉన్నారు, పాత తిరుగుబాటుదారులూ ఉన్నారు. ఒకే స్టాండులో వరసలో నిలబడి, ఒకే సంఘానికి చందా కట్టారు. ఆ సంఘాలకు తలనొప్పి ఒకరితో ఒకరికి రాలేదు. అది దారికి అడ్డంగా నిలబడి మామూళ్లు అడిగే ట్రాఫిక్ పోలీసులతో వచ్చింది.